పైతరగతి ఖాళీ పీఠములు

విమానములలో సామాన్యతరగతికి పైనున్న తరగతుల టిక్కెట్లపై పన్ను 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 12 నుండి 18కి పెరిగినది. సామాన్యతరగతిపై పన్ను మాత్రము నూటికి 5 గానే నిలిచినది. ఈ హెచ్చింపునకు మేము కన్నీరు కార్చువారము కాము. పట్టుపరుపుపై పవ్వళించి సముద్రములు దాటువాడు ఖజానాకు మఱికొంత చెల్లించిన దేశమునకు వచ్చిన కీడు లేదు. కాని వెల హెచ్చిన సరుకులో కొంత అమ్ముడుపోక మిగులుట సంతకు బోయిన ప్రతివాడు నెరిగిన సంగతియే. అట్లు మిగిలిన పైతరగతి పీఠము నేమి చేయవలెను? ఎవరి కీయవలెను? ఏ న్యాయము ననుసరించి యీయవలెను? ఈ ప్రశ్నలు చిన్నవిగా దోచును గాని, విచారించినకొలది వీనివెనుక పాతకాలపు తగవొకటి కానవచ్చుచున్నది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల భూస్వామికి దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. రేణిగుంటయందు దిగు విమానములలో ననేకము లొకే తరగతి గలవి. వానిలో పైవా డనియు క్రిందివా డనియు భేదము లేదు. నిజమే. కాని మన చిత్తూరు చెన్నపట్టణమునకును బెంగుళూరునకును నడుమ నున్నది. ఈ జిల్లాల తలిదండ్రులు అమెరికాలోని కొడుకునొద్దకో కోడలి పురిటికో పోవలెనన్న నీ రెండు పట్టణములలో నొకదానినుండి విమాన మెక్కుదురు. మదనపల్లె, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు గూలిపనికి బోవువారి దారియు సాధారణముగా నదియే. అరువదియైదేండ్లు దాటిన రైతు మోకాళ్ళు మడుచుకొని పదునేడు గంటలు కూర్చుండి పోవుచుండగా, తెరకు నావలివైపున పడుకొన వీలగు పీఠములు కొన్ని యెవరును లేక సముద్రములు దాటుచున్నవి. ఆ తెర యొక గజము గుడ్డ. దానిని దాటుటకు నడుపబడు విధానమెట్టిదో మనవారు తెలిసికొనవలసి యున్నది.

ఒక లెక్క చెప్పుదుము. 2021 జనవరిలో బెంగుళూరునకును సాన్‌ఫ్రాన్సిస్కోకును నడుమ ఎయిర్ ఇండియావారు నిలుపులేని విమాన మారంభించిరి. ఆ విమానమునందు 238 పీఠములు; అందు మొదటి తరగతి 8, బిజినెస్ తరగతి 35, తక్కినవి 195 సామాన్యతరగతి. అనగా నారుపాళ్ళలో నొకపాలు పైవారికి. స్థలమును గొలిచినచో నా పాలు మఱింత పెద్దదగును; పడుకొను పీఠ మొక్కటి యుండుచోట సామాన్యపీఠములు మూడో నాలుగో పట్టును. ఇట్లుండగా పైతరగతిలో పది పీఠములు ఖాళీగా బోవుట యనగా పదిమంది ప్రయాణికులు తక్కువగుట మాత్రమే కాదు. ముప్పదిమందికి చాలు చోటును ఉత్తగాలిలో మోసికొనిపోవుట.

పీఠమునకును ధాన్యమునకును భేద మున్నది. ధాన్యమును గాదెలో బోసి ధర వచ్చువరకు నాగవచ్చును. పీఠ మట్లు కాదు. అది మన తోతాపురి మామిడివంటిది. 2025 వేసవిలో నీ కాయకు ధర పడిపోయినప్పుడు ప్రభుత్వమువారు కిలో 12 రూపాయలుగా నిర్ణయించి, అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములవారును 4 రూపాయలు ప్రభుత్వమును ఈయవలెనని యేర్పాటు చేయవలసివచ్చెను. కారణమేమి? పండిన కాయ రైతు మాట వినదు. అయినను మామిడికి నాలుగు దినముల గడు వుండును. విమానపు పీఠమున కది కూడ లేదు. తలుపు మూసిన నిమిషమున దాని వెల సున్న. పాలు విరిగినచో జున్నైన నగును. పోయిన విమానపు పీఠమువలన నేమియు గాదు.

అట్లైన చివరిగడియలో నయినంతకు నమ్మివేయరాదా యని యెవరైన నడుగుదురు. ఇక్కడనే విమానకంపెనీల చిక్కు. ఈ చిక్కును మేము పరిహసింపము, అది నిజమైనది. చివరిదినమున పైతరగతి టిక్కెట్టు సగము ధరకు దొరకునని తెలిసిన పిమ్మట ముందుగా పూర్తిధర యిచ్చువా డెవడు? వర్తకుడును వైద్యుడును కూడ చివరిదినము దనుక గాచియుందురు. నేటి పది పీఠములను నింపబోయి రేపటి ముప్పదియైదు పీఠముల వెలను పోగొట్టుకొన్నట్లగును. కావుననే కంపెనీలు ధరను బహిరంగముగా దించుటకంటె పీఠమును ఖాళీగా బంపుటయే మేలని యెంచును. ఒకే విమానములో నొకే వరుసలో పదిమంది పదిధరల కొనుటయు నీ యాలోచనమునుండి పుట్టినదే. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్సువారు, చౌకధరల కంపెనీయగు పీపుల్ ఎక్స్‌ప్రెస్ మీద బోరుటకై, ముందుగా కొనువారికి మిక్కిలి తక్కువధరయు, చివర గొనువారికి పూర్తిధరయు నిర్ణయించి, ఏ విమానమున నెన్ని చౌక టిక్కెట్లు విడువవలెనో గణకయంత్రములచే లెక్కగట్టించిరి. ఆ చౌకధరల కంపెనీ రెండేండ్లు నిలువలేకపోయెను. నాటినుండి లోకమంతట నదే మతము. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యను సామెత మనవారు రైతు కష్టమును గూర్చి చెప్పికొనునదే గాని, విమానపు టిక్కెట్టు కొనువానికిని నది సరిగనే యతుకును.

అయినచో మిగిలిన పైపీఠములు నిజముగా ఖాళీగనే పోవుచున్నవా? అన్నియు బోవుట లేదు. వానిని నింపుటకు మూడుదారు లేర్పడినవి. మూడును తలుపుచాటు దారులే.

మొదటిది ప్రాపకము. ఇది మనదేశమున మిక్కిలి పురాతనము. పెద్దయధికారి, పార్లమెంటు సభ్యుడు, కంపెనీయుద్యోగి బంధువు, లేక కౌంటరువద్ద నెరిగిన ముఖము గలవాడు. వీరికి చిరునవ్వుతో పైటిక్కెట్టు చేతికి వచ్చును. విమానసంస్థ ప్రభుత్వముదిగా నుండిన దినములలో నీ మర్యాదలను గూర్చి పత్రికలు వ్రాసినంత వ్రాసినవి; 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటావారి చేతికి బోయినది గనుక పాతకథలను త్రవ్వుట మా యుద్దేశము కాదు. అయినను ప్రాపకము సొత్తుదారుని మార్పుతో చచ్చునది కాదని మేము తలంచుచున్నాము. అది యొకని మేజానుండి మఱొకని మేజాకు నడచును.

రెండవది తరచు ప్రయాణించువారికి బహుమానము. ఎవడు సంవత్సరమునకు నూరుమార్లు తిరుగునో వానిని మిగిలిన పైపీఠమున గూర్చుండబెట్టుట. అమెరికాలో డెల్టా కంపెనీవారు సుమారు 2010 ప్రాంతమున స్వదేశవిమానముల మొదటితరగతిలో నధికభాగము నీ విధముగా నుచితముగనే పంచిపెట్టుచుండిరి. తరువాత వారికి జ్ఞానోదయమై, పీఠమును పంచుటకన్న నంతకంతకు ధర తగ్గించి యమ్ముటయే లాభమని కనిపెట్టిరి. నేడు వారి పైతరగతి పీఠములలో నధికభాగము సొమ్ము చెల్లించినవారితోనే నిండుచున్నది. ఇందు మనము గమనింపదగిన దేమనగా, ధర కొంత దించినంతమాత్రమున పూర్తిధర యిచ్చువారు పారిపోలేదు. కంపెనీల భయమంతయు నిజము కాదనుట కిది యొక సాక్ష్యము. కాని బహుమానపద్ధతిలోని లోపము మఱొకటి: తరచు ప్రయాణించు నతని టిక్కెట్టునకు సాధారణముగా సొమ్మిచ్చునది వాని యజమాని. జీవితమున నొక్కమారు, కూడబెట్టిన సొమ్ముతో మనుమని జూడబోవు ముదుసలి యీ లెక్కలో నెన్నటికిని రాడు. ఎక్కువ నలిగినవానికి కాక యెక్కువ తిరిగినవానికి సుఖమిచ్చు ధర్మ మిది.

మూడవది వేలము; ఇది క్రొత్త నాగరకత. సామాన్యటిక్కెట్టు కొన్నవానికి కొన్ని దినముల ముందు నొక యుత్తరము వచ్చును: పైతరగతికి బోవ నెంత యిత్తురు? మీ పాట వ్రాసి పంపుడని. మదనపల్లె టమాటా మార్కెట్టులో వేలము జూచినవారికి వేలమనగా నేమో తెలియును. సరుకు కండ్లయెదుట నుండును; పోటీదారు లెవరో తెలియును; పాట బిగ్గరగా సాగును; చివరి పాట యెవనిదో బండివానికి సహితము వినబడును. ఈ క్రొత్త వేలములో నెన్ని పీఠములున్నవో చెప్పరు. ఎందరు పాడుచున్నారో చెప్పరు. ఎదుటివాని పాట యెంతో చెప్పరు. మీ పాట బలమైనదియో బలహీనమైనదియో సూచించుటకొక రంగుల గీత మాత్రము చూపుదురు. ఆ గీతను గీసినవాడు అమ్మువాడే. మూసిన పెట్టెలో చేయివేసి వెల చెప్పుమనుట వర్తకమా, చిన్నపిల్లల యాటయా? దీనిని నిషేధింపవలెనని మే మనము. బహిరంగము చేయవలెనని మాత్రము కోరుచున్నాము. ఉన్న పీఠములెన్నో, గెలిచిన పాటలలో నన్నిటికన్న తక్కువది యెంతయో విమానము దిగిన పిమ్మటనైన ప్రకటించినచో కొంపలు మునుగవు.

ఇట్టి ప్రశ్న మనకు క్రొత్తది కాదని మొదటనే చెప్పితిమి. 1917 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు బొంబాయినుండి చెన్నపట్టణమునకు మెయిలుబండిలో మూడవతరగతిలో ప్రయాణము చేసెను. ఆ దారి మనదారియే. రాయచూరు, గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా బోవునది. టిక్కెట్టు వెల 13 రూపాయల 9 అణాలు. ఇరువదియిద్దరికని వ్రాసిన పెట్టెలో రాయచూరు దాటిన పిమ్మట ఒత్తిడి భరింపరానిదయ్యెనని యాయన రాంచీనుండి పత్రికలకు వ్రాసిరి. అదే దారిలో మొదటితరగతి వెల మూడవతరగతికి అయిదురెట్లకు మించి యుండెను. మూడవతరగతివానికి లభించు సౌకర్యము మొదటితరగతివానిదానిలో నైదవపాలైన నున్నదా యని యాయన యడిగిన ప్రశ్న దేశమంతట మారుమ్రోగినది. పైవారి వైభవమునకు గావలసిన సొమ్మును క్రిందివారే చెల్లించుచున్నారను మాట నాడు రైలును గూర్చి చెప్పబడినది. రైళ్ళలో మూడవతరగతి యను పేరు 1974లో బోయినది. పేరుతో పాటు తగవు పోలేదు.

అయినను స్వతంత్రభారతపు రైల్వేలు ఖాళీ పైపీఠముల విషయమున కొంత మంచియు, కొంత చెడ్డయు చేసి మనకు పాఠము నేర్పినవి. వానిని వివరముగా జూతము. విమానకంపెనీలు చదువదగిన పుస్తక మిదియే.

మంచి మొదట. 2006లో రైల్వేవారు స్వయముగా పైతరగతి కెక్కించు పద్ధతి యేర్పఱచిరి. ప్రయాణికుల పట్టిక తయారగు సమయమున పైతరగతిలో బెర్తులు మిగిలినచో, పూర్తిరుసుము చెల్లించిన క్రిందితరగతివారిని కొందరిని గణకయంత్రమే యెన్ని పైకి బంపును. అదనపు రుసుము లేదు. అట్లు క్రింద ఖాళీయైన బెర్తులు నిరీక్షణపట్టికలోనివారికి దొరకును. ఇందలి యందము గమనింపుడు. పై బెర్తు నిండినది; క్రింద టిక్కెట్టు లేక నిలిచినవానికి చోటు దొరకినది; రైల్వేకు వాని రుసుము మిగిలినది; స్టేషనుమాస్టరు మేనల్లునకు మాత్రము ప్రత్యేకలాభ మేమియు గలుగలేదు. లోపములు లేకపోలేదు. రాయితీ టిక్కెట్టువారి కీ పద్ధతి వర్తింపదని విధించుటచే నెవరికి పైబెర్తు నిజముగా నవసరమో వారే వెలియైరి. ఆ వృద్ధుల రాయితీయు 2020 మార్చిలో నిలిపివేయబడినది. 2025లో నిబంధనలను సవరించి, రెండుమెట్లకు మించి పై కెక్కింపరాదనియు, ఏ.సి. మొదటితరగతికి రెండవ ఏ.సి.వారు మాత్రమే పోదగుననియు నిర్ణయించిరి. స్లీపరులోని కూలివాడు మొదటితరగతిలో గన్నులు దెరచునని భయము కాబోలు.

ఇక చెడ్డ. 2016 సెప్టెంబరు 9వ తేదీనుండి రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ప్రతి పదవపాలు బెర్తు లమ్ముడుపోయినకొలది వెల నూటికి పదివంతున పెంచుచు ఒకటిన్నర రెట్లవరకు బోవు పద్ధతిని బెట్టిరి. విమానకంపెనీలను జూచి నేర్చినదే యిది. అందును ఏ.సి. మొదటితరగతికిని ఎగ్జిక్యూటివు తరగతికిని ఈ పెంపు లేదు, మధ్యవారి కున్నది. ఫలితమేమి? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 2018లో పార్లమెంటున కిచ్చిన నివేదికలో, 2017 జూలై యాఖరువరకు నీ బండ్ల ఏ.సి. తరగతులపై 552 కోట్ల రూపాయలు అదనముగా వచ్చిన మాట నిజమేకాని, ప్రయాణికుల సంఖ్య నూటికి 2.65 వంతున తగ్గినదనియు, ఖాళీ బెర్తులు హెచ్చినవనియు దేల్చిరి. బెర్తులు పెంచిరి, మనుష్యులు తగ్గిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో రైల్వేవారు వెనుకకు దగ్గి, సగమైన నిండని పదునైదు బండ్లలో నీ పద్ధతిని తీసివేసి, పై పరిమితిని 1.4 రెట్లకు దించవలసివచ్చెను.

పిమ్మట మరల మంచి. 2023 జూలైలో రైల్వేబోర్డువా రొక యుత్తరువు చేసిరి. వెనుకటి ముప్పదిదినములలో సగముకంటె దక్కువ నిండిన బండ్లలో ఏ.సి. కుర్చీబండికిని ఎగ్జిక్యూటివు తరగతికిని మూలరుసుములో నూటికి 25 వరకు తగ్గింపవచ్చును. ఆ యధికారము ఢిల్లీలో గాక ఆయా మండల రైల్వేలకే యుండును. తగ్గింపు రహస్యము గాక టిక్కెట్టు కొను ప్రతివానికి సమానము. ఈ యుత్తరువులో మూడు సుగుణములున్నవి. తగ్గింపునకు కారణము ప్రకటితము, అధికారము స్థానికము, లాభము సార్వజనికము.

మన తిరుపతి బండికి మాత్ర మీ యుత్తరువుతో బని లేకపోయెను. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాదునుండి తిరుపతికి వందేభారత్ బండి నడువనారంభించినప్పుడు దానికి పెట్టెలెనిమిది, ఆసనములు 530. అందు ఎగ్జిక్యూటివువి 52. నలుబది దినములు తిరుగకమునుపే, మే 17వ తేదీకి, పెట్టెలను పదునారు చేసి ఆసనములను 1,128కి బెంపవలసివచ్చెను. ఆరంభమున సికింద్రాబాదునుండి కుర్చీబండి రుసుము 1,680 రూపాయలు, ఎగ్జిక్యూటివు రుసుము 3,080. అనగా పైదానికిని క్రిందిదానికిని నడుమ రెండురెట్లయిన లేదు. 1917లో అయిదురెట్లకు మించి యుండిన యంతరము రెండురెట్లలోపునకు దిగినప్పుడు పైతరగతి జమీందారుల సొత్తు గాక, సంవత్సరమున కొకమారు స్వామిని సేవింపబోవు బడిపంతులునకు కూడ నందుబాటగును. సముద్రములు దాటు విమానములలో నీ యంతరము నేటికిని మూడురెట్లు, నాలుగురెట్లు, ఒక్కొక్కప్పు డంతకు మించియు నుండును. పీఠములు మిగులుటకు మొదటి కారణ మక్కడనే యున్నది. తక్కినదంతయు మిగిలినదానిని సర్దుకొను నుపాయము.

2006నుండి పదునెనిమిదేండ్లు ఒకే తరగతితో దేశమున నగ్రస్థానమునకు వచ్చిన ఇండిగో కంపెనీ సహితము 2024 నవంబరులో ఢిల్లీ-బొంబాయి దారిలో పండ్రెండు పెద్దపీఠములు గల విమానమును బ్రవేశపెట్టినది. సంపద పెరిగినకొలది తెర వ్రేలాడదీయుట లోకస్వభావము. 2009లో నొక కేంద్ర సహాయమంత్రి సామాన్యతరగతిని పశువుల తరగతి యని వేళాకోళమాడినందులకు దేశమున గగ్గోలు పుట్టినది, గగ్గోలు చల్లారినది, పీఠముల నడుమ దూరము మాత్ర మంగుళమైన పెరుగలేదు. తెరను చింపుమని మేము చెప్పుట లేదు. సొమ్మిచ్చి సుఖము గొనువానిని దూషించుట మా పని కాదు. సొమ్ము రాని పీఠమును గూర్చియే మా ప్రసంగము. గడ్డివామికడ కుక్కవలె తాను తినక, ఆవును తిననీయక యుండుట వర్తకనీతి యనిపించుకొనదు.

కావున నేమి చేయవలెను?

పట్టిక మూయువరకు కంపెనీ తన యిచ్చవచ్చిన ధరకు అమ్ముకొనవచ్చును. దానికి మే మడ్డము రాము. చివరి రెండుదినములలో ధర దించదలచిన నది యెల్లరకు గనబడు ధరగా నుండవలెనే గాని చెవిలో చెప్పినది కారాదు. పట్టిక మూసిన పిమ్మట నింకను మిగిలినవానిలో మొదటి హక్కు అవసరమునది. ముదిమి పైబడినవారు, గర్భిణీస్త్రీలు, శస్త్రచికిత్స జరిగినవారు, చక్రాలకుర్చీపై వచ్చినవారు. వీరి పేళ్లు విమానకంపెనీవద్ద ముందుగనే యుండును. వీరిని వెదకుట కొక్క నిమిషము చాలును. వీరు చక్రాలకుర్చీలో నే తలుపునొద్దకు దీసికొనిరాబడుదురో, ఆ తలుపునకు దగ్గరనే యుండునవి పైతరగతి పీఠములు. వారిని వానిని దాటించి వెనుకకు నడిపించుచున్నాము!

అవసరమువారు కూర్చుండిన పిమ్మట నింకను మిగిలినచో? చీటి వేయవలెను. ఈ మాట విని నాగరకులు నవ్వుదురేమో. కాని తిరుపతివారు నవ్వరు. తిరుమలలో సుప్రభాతము, తోమాల, అర్చన మొదలగు సేవలకు కోరువారు వేలకొలది, చోటు కొలది. అందుచే తిరుమల తిరుపతి దేవస్థానమువా రా టిక్కెట్లను కొన్నింటిని ఎలక్ట్రానిక్ డిప్ మూలమున నిచ్చుచున్నారు. దేవస్థానమున సిఫారసు లేదని యెవరు నమ్మరు. సిఫారసు దారి వేరే యున్నది. అయినను చీటీలో పేరు వచ్చిన రైతుకూలి దంపతులు ఆ తెల్లవారుజామున గర్భాలయమున కెదుట నిలుచుటను ఈ జిల్లావారు చూచియే యున్నారు. పేరు రానివాడు తన యదృష్టమును నిందించునుగాని గుమాస్తాను నిందింపడు. పంచుటలో నింతకంటె గొప్ప సుగుణమేమున్నది?

కంపెనీలకు చీటీ మఱియొక విధమునను మేలు. చివరిధర నిశ్చయముగా దిగునని తెలిసిన వర్తకుడు గాచియుండునని పైన జెప్పితిమి. చీటికై యెవడును గాచియుండడు. పై జెప్పిన విమానములో పది పీఠములు మిగిలిన, 195 మందిలో నొకనికి పీఠము వచ్చు నవకాశము ఇరువదింట నొకటి. మఱునాడు కచేరీలో వాదింపవలసిన న్యాయవాది, పడుకొని పోయిననే గాని పని జరుగని వైద్యుడు, ఇరువదింట నొకటిని నమ్మి పూర్తిధర మానుకొనరు. కావున నేటి దానము రేపటి యమ్మకమును జెఱుపదు. రైల్వేల 2006 పద్ధతి బయలుదేరి యిరువదేండ్లయినను, ఊరక వచ్చునేమో యని రెండవ ఏ.సి. టిక్కెట్టు కొనుట మానుకొన్న వర్తకుని మే మెరుగము.

ఖర్చేమగునని కంపెనీలు గొణుగవచ్చును. పీఠము నిండినంతమాత్రమున నూనె యధికముగా గాలదు; మనిషి ముందే విమానములో నున్నాడు. పైతరగతి విందును, విందుతోడి పానీయములను వాని కీయ నక్కరలేదు. క్రింద వానికి దొరకవలసిన యన్నమునే పైన బెట్టుడు. మోకాలు చాపుకొన జోటు దొరకిన ముదుసలి పింగాణిపళ్ళెము కొఱకు వ్యాజ్యము వేయడు. ఇట్లు చేసిన, సొమ్మిచ్చి కొన్నవాని ప్రత్యేకతయు నిలుచును. మఱియు మూడు పీఠముల వరుసలో నడిమివాడు లేచి ముందుకు బోయినచో ఇరుప్రక్కలవారికిని గాలి యాడును. ఒకని కిచ్చిన సుఖము ముగ్గురికి జేరును. క్రింద ఖాళీయైన పీఠమును టిక్కెట్టు దొరకక విమానాశ్రయమున నిలిచినవాని కమ్మవచ్చును. కంపెనీలు తఱచు పీఠములకు మించి టిక్కెట్లమ్మి, చివర కొందరిని నిలిపివేయుచుండుటయు నుండనే యున్నది. పైన చోటుండగా క్రింద నిలిపివేయుట కేమి సమాధానము చెప్పుదురు?

ఇక ప్రభుత్వము మాట. పీఠములకు మించి టిక్కెట్లమ్మి ప్రయాణికుని నిలిపివేసినచో, బదులుప్రయాణ మిరువదినాలుగు గంటలలో నేర్పఱచినపుడు పదివేల రూపాయలవరకును, అంతకు మించి యాలస్యమైనపుడు ఇరువదివేలవరకును పరిహార మీయవలెనని పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి నిబంధన 2016నుండి కలదు. పైతరగతి టిక్కెట్టు కొన్నవానిని క్రిందికి దింపినచో, స్వదేశప్రయాణమున టిక్కెట్టు సొమ్ములో నూటికి 75 వంతును, విదేశప్రయాణమున దూరమునుబట్టి 30, 50, 75 వంతులును తిరిగి యీయవలెనని 2023 ఫిబ్రవరి 15నుండి మఱొక నిబంధన యమలునకు వచ్చినది. మంచిదే. పైవానిని క్రిందికి దింపిన దుఃఖమున కిన్ని లెక్కలున్నవి. క్రిందివానిని పైకెక్కించుటకు మాత్ర మొక్క వాక్యమైన లేదు; అది కంపెనీవారి దయ, కౌంటరుగుమాస్తా చిరునవ్వు. పడుట శాసనమునకు లోబడినది, లేచుట ప్రాపకమునకు లోబడినది.

మేము కోరుచున్నది పెద్ద శాసనము కాదు. 1934నాటి విమానచట్టము పోయి, దానిస్థానమున భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1నుండి యమలులో నున్నది. నిబంధనలు సవరించు నధికారము డైరెక్టరేటువారి కున్నది. ప్రతి కంపెనీయు తాను మిగిలిన పైపీఠములను ఏ క్రమమున నిచ్చునో ముందుగా ప్రకటింపవలెననియు, ఆ క్రమములో అవసరమువారికి మొదటిస్థాన ముండవలెననియు, వేలము బెట్టినచో పీఠముల సంఖ్యను, ఉద్యోగులకును ప్రముఖులకును ఇచ్చిన పీఠముల సంఖ్యను మూడునెలల కొకమారు బయటబెట్టవలెననియు, 2023నాటి యుత్తరువునకు నొక పేరా చేర్చిన చాలును. దీనికి పార్లమెంటు కూడ నక్కరలేదు. డైరెక్టరు జనరలుగారి సంతకము చాలును. మన జిల్లాల పార్లమెంటు సభ్యులు వచ్చు సమావేశములలో నీ విషయమై యొక ప్రశ్న వేసినచో, వారికి తఱచు దొరకుచుండు పైపీఠము లే లెక్కలో వచ్చుచున్నవో కూడ నదే ప్రత్యుత్తరమున దెలియవచ్చును.